బట్టమేక పిట్టను చూపించింది నేనే

ఈ మధ్య పక్క ఊరి నుంచి ఒక తల్లి తన కూతుర్ని వెంటబెట్టుకొని నా దగ్గరికి వచ్చింది. ఆ పిల్లకు పద్దెనిమిదేళ్ళుంటాయి. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని గడప బయటే నిలబడింది.

"పంతులమ్మా, నువ్వెట్ల బతికినవో జర దీనికి చెప్పు. క్షయ అన్నకాడికెంచి ఇది తిండి బంద్ చేసింది," అంది తల్లి.

పాలు, గుడ్లు, గాలి, విశ్రాంతి అని చెప్పాను. చాలామంది బతుకుతారని చెప్పాను. నన్ను చూడు అన్నాను. వాళ్ళు పోయాక, నేను చెప్పింది సగమే కదా అనిపించింది. మిగతా సగం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

చలికాలం

మాది జడ్చర్లకు రెండు క్రోసుల దూరంలో ఉన్న పల్లె. అక్కడి మిషన్ బడిలో నేనూ, నా భర్త దేవదానమూ చదువు చెప్పేవాళ్ళం. మా తాతల కాలంలో మాకు భూమి లేదు, అక్షరం లేదు, దొర గడీలో వెట్టి తప్ప వేరే బతుకు లేదు. మా బాపు ఎల్లయ్య కూడా ఆ వెట్టిలోనే పెరిగాడు. మా అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను మిషన్ బోర్డింగులో వేశాడు. అట్లా నాలుగు ముక్కలు వచ్చాయి.

దగ్గు ఆ ఏడు క్రిస్మస్‌కు ముందు మొదలైంది. చలికి అనుకున్నాను. తర్వాత సుద్దపొడి వల్ల అనుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, తెల్లారేసరికి జాకెట్టు చెమటతో తడిసిపోయేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమవుతుందని భయం.

ఒకరోజు ఒక పిల్ల పలక మీద "అమ్మ" అని దిద్దిస్తూ దగ్గాను. తల పక్కకు తిప్పుకొనే లోపలే పలక మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి.

"పంతులమ్మా, ఇది ఎర్ర బలపమా?" అంది ఆ పిల్ల.

కొంగుతో తుడిచాను. ఆ పలక ఇంటికి పంపలేదు, బడి వెనక పగలగొట్టి పాతిపెట్టాను. ఆ పిల్ల పలక పోయిందని ఏడ్చింది.

మిషన్ దవాఖానకు ఎడ్లబండిలో పోయాం. అక్కడ ముందు వరండాలో జ్వరాలవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు కూర్చునేవారు. నేను రెండుసార్లు దగ్గగానే నా పక్కనున్నావిడ పిల్లను ఎత్తుకొని లేచిపోయింది. ఆమె పక్కావిడ కూడా లేచింది. అప్పుడు కాంపౌండరు వచ్చి వెనక వరండా చూపించాడు. అక్కడ దగ్గేవాళ్ళకు వేరే బెంచి ఉంది. ఆ బెంచి మీద ఒక్కతే ముసలమ్మ కూర్చొని ఉంది. దూది ఏకేవాళ్ళ ఇంటి మనిషి, పేరు ఖాసింబీ.

నేను చివరన నిలబడితే ఆమె తన పక్కన చేత్తో తట్టింది. "ఈడ కూసో బిడ్డా. నా రోగం నీకు రాదు, నీది నాకు రాదు. మనిద్దరిది ఒక్కటే ఆయె."

రెండు నెలల తర్వాత నేను నవ్వింది అప్పుడే. పాత గుడ్డను నాలుగు మడతలు పెట్టి ఎట్లా ఉమ్మాలో, దాన్ని ఎట్లా కాల్చాలో ఆమే నేర్పింది.

డాక్టరమ్మ పరదేశం మనిషి. పుస్తకం చూసి నేర్చుకున్న తెలుగు. ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. "నీవు పాపను ముట్టుకొనవద్దు. ముద్దు పెట్టుకొనవద్దు. పాలు ఇవ్వవద్దు. ఒక సంవత్సరము పడుకొని ఉండవలెను," అంది.

నా మేరికి అప్పటికి ఏడాదిన్నర. ఇంకా నా పాలే తాగుతోంది.

ఇంటికి వచ్చాక మా అత్త శాంతమ్మ పిల్లను నా చేతుల్లోంచి తీసుకుంది. లాక్కోలేదు, మెల్లగానే తీసుకుంది. "పిల్లా, నా కొడుకుండాలె, నా మనుమరాలుండాలె. నువ్వు గూడ ఉండాలె. కని గీ ఇంట్ల కాదు," అంది. దేవదానం గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. నాకు కోపం వచ్చింది. ఆమె చెప్పింది నిజం కాబట్టి ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

ఆ సాయంత్రం నేను కొట్టంలో పడుకున్నాను. ఇంట్లో పిల్ల పాల కోసం ఏడుస్తోంది. దాని ఏడుపు వినబడినప్పుడల్లా నా రొమ్ముల్లోంచి పాలు కారి చీర తడిసేది. మూడు రోజులు ఏడ్చింది. నాలుగో రోజు ఏడవలేదు. నాకు ఆ నాలుగో రోజే ఎక్కువ కష్టమైంది.

ఎండలు

ఊరికి ఉత్తరాన మా బాపుకు అర ఎకరం చెలక ఉంది. ఊరి పని చేసినందుకు ఎప్పుడో ఇనాంగా ఇచ్చారు. దాని అవతల కనుచూపు మేర గడ్డి బీడు, మధ్యమధ్య నల్లటి బండలు. ఆ చెలకలో బాపు ఒక గుడిసె వేసి నన్ను తీసుకుపోయాడు.

"నీకు కూడ అంటుకుంటది బాపు," అన్నాను.

"నేను తినే బువ్వ తిన్న, చూసే లోకం చూసిన. ఇంక నాకేం అంటుకుంటది?" అన్నాడు.

ఊరికి పోయి పాలు తెచ్చేవాడు. నాలుగు కోళ్ళను పెంచి గుడ్లు పెట్టేవాడు. డాక్టరమ్మ చెప్పినట్టు నాకు రెండు గిన్నెలు, తనకు రెండు గిన్నెలు వేరువేరుగా ఉంచాడు. నావి బూడిదతో తోమి, నీళ్ళలో మరగబెట్టి, ప్రత్యేకంగా ఒక రాయి మీద బోర్లించేవాడు. ఆ నాలుగు గిన్నెలు ముందు ముందు మాకేం తెచ్చిపెడతాయో అప్పుడు తెలియదు.

పగలంతా మంచంలో వెల్లకిలా పడుకొని ఉండటమే నా పని. చదవకూడదు, మాట్లాడకూడదు, చేతులు పైకెత్తకూడదు. వారానికొకసారి దేవదానం మేరిని ఎత్తుకొని కంచె దాకా వచ్చేవాడు. అది మొదట్లో నా వైపు చేతులు చాపేది. తర్వాత తర్వాత కంచె మీదున్న తొండను చూసేది.

ఇంక బతకాలని లేదని ఒకరోజు బాపుతో అన్నాను. ఆయన తిట్టలేదు, ఓదార్చలేదు. నా మంచాన్ని బీడు వైపు తిప్పాడు.

"గటు దిక్కు చూస్తుండు. బట్టమేక కనవడితె నాకు చెప్పు," అన్నాడు.

బట్టమేక పిట్ట అని అప్పటిదాకా పేరు వినడమే. బాపు కొంచెం కొంచెంగా చెప్పాడు. "మనిషి నడుం దాక వస్తది బిడ్డా. మెడ తెల్లగ, నెత్తి మీద నల్ల కుచ్చు. నేల బరువు చూసుకుంట నడిచినట్టు నడుస్తది. ఎగిరితె రెక్కల సప్పుడు చాటలు కొట్టినట్టుంటది."

"నువ్వెప్పుడు చూసినవ్?"

"తోలెటోన్ని," అన్నాడు.

దొర తండ్రి కాలంలో వేట ఉండేదట. పిట్ట మనిషిని చూస్తే పోతుంది కాని ఎడ్లబండిని చూస్తే పోదు. అందుకని దొర బండి చాటున తుపాకితో కూర్చునేవాడు. వెట్టివాళ్ళు అవతలి నుంచి చేతులు చాపుకొని, పరుగెత్తకుండా, అడుగులో అడుగేసి పిట్టను బండి వైపు తోలాలి. బాపుకు ఆ పని బాగా వచ్చట. ఎవరు తోలినా లేచిపోయే పిట్ట, ఈయన తోలితే నడుచుకుంటూ పోయేదట.

"నన్ను నమ్మినట్టే నడుస్తుండె అది," అన్నాడు బాపు. "ఏండ్లకేండ్లు తోలిన. ఆఖరుకు పిట్టనే రాకుండ పోయింది. ఒక్కపారన్న తుపాకి లేకుండ దాన్ని చూడాలె బిడ్డా. చూసి, ఊకె కూసోవాలె. గంతే."

అప్పటి నుంచి పొద్దున్నే ఆయన గుడిసె వెనకున్న రాతి గుండు ఎక్కి బీడంతా చూసేవాడు. నేను మంచంలోంచి చూసేదాన్ని. దూరాన కదిలే ప్రతి మేకనూ పిట్ట అనుకునేదాన్ని. బతకాలన్న కోరిక వచ్చిందని చెప్పను కాని, రేపు పొద్దున్న చూడాలన్న పని ఒకటి దొరికింది.

వానలు

వానాకాలం వచ్చేసరికి నేను గుడిసె చుట్టూ నాలుగడుగులు వేయగలుగుతున్నాను. నల్లగొండ వైపు నుంచి రోజుకొక కబురు వచ్చేది. అక్కడ గడీలు కాలుతున్నాయని, ఇళ్ళు కాలుతున్నాయని, దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ళు అడవుల్లో ఉన్నారని. మా ఊళ్ళో సంఘం లేదు. అయినా దొర ముందే పట్నం పోయి కూర్చున్నాడు.

ఒక మధ్యాహ్నం నిజాం పక్షం తుపాకుల జట్టు మా చెలకలోకి వచ్చింది. ఆరుగురు. ఊరికి దూరంగా ఈ గుడిసె ఎందుకుందని అడిగారు. ఒకడు లోపలికి తొంగి చూసి గిన్నెలు లెక్కపెట్టాడు.

"ఇద్దరున్నరు. నాలుగు గిన్నెలెందుకు? ఎవరికి బువ్వ పెడుతున్నరు?"

బాపు చెప్పబోతే తుపాకి మడమతో ఛాతీ మీద నెట్టారు. నేను లేచి నిలబడ్డాను. భయానికో, లేచినందుకో దగ్గు తెర వచ్చింది, ఆగలేదు. చేతిలోని గుడ్డ ఎర్రబడింది. వాళ్ళు దాన్ని చూశారు. ముందున్నవాడు ముక్కు మూసుకొని వెనక్కి నడిచాడు. పోతూ పోతూ కోళ్ళను పట్టుకుపోయారు.

"నీ రోగమే కాపాడింది బిడ్డా," అన్నాడు బాపు. ఛాతీ రుద్దుకుంటూ నవ్వడానికి ప్రయత్నించాడు.

సెప్టెంబరులో కొద్ది రోజుల్లోనే నిజాం రాజ్యం పోయింది. విమానాలు పోవడం విన్నాం, అంతే. దేవదానం కంచె దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "అయిపోయింది, ఇంక ఫికర్ లేదు," అన్నాడు. బాపు ఆ పూట పాటందుకొని రాగి సంకటి కెలికాడు. ఆయన పాడగా నేను వినడం అదే మొదలు, అదే చివర.

రెండు వారాలకు దొర తిరిగి వచ్చాడు. ఆ తర్వాత లారీ వచ్చింది. సిపాయిలు కొత్త సర్కారు వాళ్ళు, వాళ్ళ భాష మాకు తెలియదు. వాళ్ళ వెంట దొర మనిషి ఒకడు ఉన్నాడు. అతడు గుడిసెలోకి పోయి గిన్నెలు బయటికి తెచ్చి వరుసగా పెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"సంఘపోల్లకు ఈడనే వండి పెడుతున్నడు," అన్నాడు. అది వాళ్ళ భాషలోకి పోయింది.

నేను దగ్గాను. రక్తం కోసం దగ్గాను. ఈసారి రాలేదు. డాక్టరమ్మ చెప్పినట్టే నా ఊపిరితిత్తులు మానుతున్నాయి.

బాపును చేతులు వెనక్కి కట్టి లారీ ఎక్కించారు. ఎక్కుతూ ఆయన, "పాలు కాగబెట్టి తాగు. పచ్చియి తాగకు," అన్నాడు.

పిట్ట

బాపు పోయాక మా అత్త రోజూ పాలూ సంకటీ తెచ్చి కంచె దగ్గర పెట్టి పోయేది. దేవదానం, బాపును ఉంచిన సిపాయిల క్యాంపు దాకా రెండుసార్లు పోయి, గేటు దగ్గర్నుంచే వెనక్కి వచ్చాడు. "ఎక్కువ మాట్లాడితె నన్ను గూడ లోపలేస్తరు. బడి బంద్ అయితది," అన్నాడు. నాకు అతని మీద కోపం రాలేదు. అతని మీద ఏమీ రాలేదు. అక్కడి నుంచి బయటికి వచ్చిన ఒక రైతు, బాపును కొడుతున్నారని, తిండి అరగడం లేదని, ఇంకో నెల అక్కడే ఉంటే బతకడని చెప్పిపోయాడు.

పదో రోజో పదకొండో రోజో, పొద్దున్న మంచు ఇంకా గడ్డి మీద ఉండగానే మెలకువ వచ్చింది. మంచం బీడు వైపే ఉంది. కళ్ళు తెరిచేసరికి అది అక్కడ ఉంది.

మొదట ఎవరో మనిషి వంగి ఏదో ఏరుకుంటున్నాడనుకున్నాను. అప్పుడు మెడ లేచింది. పొడుగ్గా, బూడిద కలిసిన తెలుపు. తల మీద నల్లటి కుచ్చు. వీపు ఎండుగడ్డి రంగు. బాపు చెప్పినట్టే నడిచింది, నేలను తూకం వేస్తున్నట్టు ఒక్కో అడుగూ ఆగి ఆగి. నేను ఊపిరి బిగబట్టాను. దగ్గు వస్తుందేమోనని కొంగు నోట్లో కుక్కుకున్నాను. అది నా వైపు చూసింది. తర్వాత కిందికి వంగి గడ్డిలో ఒక మిడతను పట్టింది. తినలేదు. ముక్కుతో పట్టుకొని ఆగింది. గడ్డిలోంచి ఒక పిల్ల బయటికి వచ్చింది. కోడిపిల్లకన్నా పెద్దది, చారలు చారలుగా ఉంది. అది తల్లి ముక్కులోంచి మిడతను అందుకొని మింగింది.

ఒక్కటే పిల్ల.

ఎంతసేపు చూశానో తెలియదు. "బాపూ" అని పిలిచాను. పిలిచాక గుర్తొచ్చింది. పిట్ట బెదరలేదు, పిల్లను వెంటబెట్టుకొని బండల చాటుకు పోయింది. నేను గట్టిగా ఏడ్చాను. ఆయన పదేళ్ళు ఎదురుచూసింది నా మంచం ముందుకు వచ్చి నిలబడితే ఆయన ఇక్కడ లేడు.

తర్వాత వరుసగా నాలుగు పొద్దులు చూశాను. అదే చోటు. పిల్ల ఎప్పుడూ తల్లికి రెండు మూడు అడుగుల దూరంలోనే ఉండేది. తల్లి తల ఎత్తగానే నేల మీద అతుక్కుపోయేది, గడ్డికీ దానికీ తేడా తెలిసేది కాదు.

గడీ

అయిదో రోజు మా అత్త పాలు కంచె దగ్గర పెట్టలేదు. లోపలికే వచ్చింది.

"నడువు పిల్లా. దొర కాడికి పోదాం. మొగోల్లు పోరు. మనం పోదాం," అంది.

సగం దారిలో నా కాళ్ళు ఆగిపోయాయి. ఆమె నా చేయి తీసి తన భుజం చుట్టూ వేసుకుంది. ఎనిమిది నెలల తర్వాత బాపు కాక మరో మనిషి నన్ను ముట్టుకుంది. ఆమె చెమట వాసన, పొగాకు వాసన. గడీ దాకా అట్లాగే నడిపించింది.

దొర తెల్లటి ఖద్దరు టోపీ పెట్టుకొని అరుగు మీద కుర్చీలో కూర్చున్నాడు. పక్కన పట్నం నుంచి వచ్చిన చుట్టాలు ఇద్దరు. గోడకు రెండు తుపాకులు ఆనించి ఉన్నాయి. మేం కింద నిలబడ్డాం.

"దొరా, ఎల్లయ్యకు ఏ సంఘం తెల్వదు. బిడ్డ బీమారుంటె గిన్నెలు వేరే పెట్టిండు, గంతే," అంది అత్త.

"అది క్యాంపోల్లు చూసుకుంటరు. నా చేతులేముంది?" అన్నాడు దొర. తర్వాత చుట్టాల వైపు తిరిగాడు. "గీ ఎల్లయ్యనే మా నాయిన జమానాల బట్టమేకను తోలెటోడు. వాడు తోలితె గురి తప్పకపోతుండె. మీకు జింకలు తప్ప ఏం చూపించలేకపోయిన. ఇప్పుడు ఆ పిట్టలేడున్నయి? పదేండ్లాయె."

చుట్టం ఒకాయన నిరాశగా నాలుక చప్పరించాడు.

అప్పుడు నా నోరు ఏం అనబోతోందో నాకు ముందే తెలుసు. ఆపుకోవడానికి సమయం కూడా ఉంది. ఆవేశంలో అన్నానని ఎప్పుడూ చెప్పుకోలేదు, ఇప్పుడూ చెప్పను.

"ఉన్నది దొరా. నేను చూసిన."

దొర కుర్చీలో ముందుకు వంగాడు. "యాడ?"

"జాగ మా బాపుకు చెప్త. వేరేటోల్లు పోతె అది లేస్తది. ఆయన తోలితెనె దొరుకుతది. ఆయన్ని విడిపించుండ్రి."

"పంతులమ్మ బేరం చేస్తున్నది," అని దొర నవ్వాడు. చుట్టాలూ నవ్వారు. నవ్వి ఊరుకుంటారేమోనని భయమేసింది. కిందికి వంగి మట్టి ముట్టుకొని, "నీ బాంచెన్ దొరా, విడిపించుండ్రి," అన్నాను. ఆ మాట అనొద్దని మా బడి పిల్లలకు ఏళ్ళ తరబడి చెప్పినదాన్ని నేనే.

పిల్ల ఉన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. బాపుకు తెలిస్తే తోలడు. తోలకపోతే మళ్ళీ లారీ ఎక్కిస్తారు. దారంతా అదే ఆలోచించుకుంటూ వచ్చాను.

తోలడం

మూడో రోజు దొర బండిలో బాపును తెచ్చి దింపారు. ఎడమ చేయి పైకి లేవడం లేదు. ముందటి పళ్ళు రెండు లేవు. పాలు కాచి ఇస్తే గుటక వేయడానికి చాలాసేపు పట్టింది.

చెప్పాను. ఆయన నన్నే చూస్తూ విన్నాడు.

"నిజంగ చూసినవా?"

"చూసిన బాపు. నెత్తి మీద నల్ల కుచ్చు ఉంది."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

"పుంజా, పెట్టా?"

"నాకేం తెలుస్తది బాపు?"

తల ఊపాడు. నా కోసమా అని అడగలేదు. ఎందుకు చెప్పినవ్ అని అడగలేదు. "రేపు పొద్దున తయారుండాలన్నరు," అని మాత్రం అన్నాడు.

మర్నాడు నేను గుండు ఎక్కి చూశాను. చూడకుండా ఉండాలనుకున్నాను, ఉండలేకపోయాను. బండి ఒక పక్కన ఆగింది. అవతలి నుంచి బాపు ఒక్కడే వస్తున్నాడు. కుడి చేయి చాపుకొని, ఎడమ చేయి వేలాడుతూ. అడుగులో అడుగు. పిట్ట లేచి నాలుగడుగులు బండి వైపు నడిచింది. ఆగింది. వెనక్కి తిరిగింది. బాపు ఆగాడు. పిట్ట ఒక రెక్క నేలకు ఈడుస్తూ పక్కకు పరుగెత్తింది, మళ్ళీ మొదటి చోటుకే వచ్చింది. ఎగరగలిగిన పిట్ట ఎగరలేదు.

తుపాకి ఒక్కసారే పేలింది.

బండిలోంచి వాళ్ళు దిగి అరుచుకుంటూ పరుగెత్తారు. బాపు మాత్రం నిలబడ్డచోటే గడ్డిలోకి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కాలు జాగ్రత్తగా ఎత్తి, దేన్నో దాటి, వాళ్ళ వైపు నడిచాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

గుడిసెకు వచ్చి కుండలో నీళ్ళు ముంచుకొని తాగాడు. నా వైపు చూడకుండానే అడిగాడు.

"దానికి పిల్ల ఉన్నది. నీకెరుకేనా?"

"లేదు బాపు. ఎరుక లేదు."

ఆయన దగ్గరికి వచ్చి నా నెత్తి మీద చేయి పెట్టాడు. ఆ చేయి తీసేదాకా నేను కళ్ళు ఎత్తలేదు.

ఆ తర్వాత ఆరు రోజులు ఆయన పొద్దున్నే బీడులోకి పోయాడు. మిడతలను పట్టి దొప్పలో తీసుకుపోయేవాడు. ఏడో రోజు పోలేదు. నేను అడగలేదు.

తర్వాత

నవంబరులో దవాఖానకు పోయాను. వెనక వరండాలో బెంచి ఖాళీగా ఉంది. ఖాసింబీ ఏదని డాక్టరమ్మను అడిగితే, చేతిలోని కాగితాలు కింద పెట్టింది. గద్దె మారిన రోజుల్లో ఆమె ఊళ్ళో, ముసల్మానులని, ఆమె ఇద్దరు కొడుకులనూ చంపారట. ఆమె మనుమడిని తీసుకొని రైలెక్కిందట, ఎక్కడికో తెలియదట. "ఆమెకు మందు అవసరము. ఆమె నా వద్దకు రావలెను," అని డాక్టరమ్మ రెండుసార్లు అంది. అన్ని రోజులూ నేను నా బాపు గురించే ఏడ్చాను. ఆమె గురించి ఒక్కసారైనా తలచుకోలేదు.

నా బరువు పెరిగింది. జ్వరం పోయింది. మరుసటి ఏడు ఈస్టరుకు ముందు ఇంటికి పోవచ్చన్నారు. మేరి నన్ను చూసి అత్త కాళ్ళ వెనక దాక్కుంది. బడి పిల్లలు పిలవడం విని అది కూడా నన్ను "పంతులమ్మా" అనేది. అమ్మా అనడానికి ఇంకో ఏడాది పట్టింది. ఇప్పటికీ జ్వరం వస్తే దేవులాడేది మా అత్తనే.

తగ్గుతుందని ఆ పక్క ఊరి పిల్లకు చెప్పింది అబద్ధం కాదు. తగ్గుతుంది. ఊపిరి ఆడుతుంది, అన్నం సయిస్తుంది, మెట్లు ఎక్కగలుగుతాం. తగ్గడం కోసం ఎవరెవరు ఏమేం ఇచ్చారో అది మాత్రం మనతోనే ఉండిపోతుంది.

బాపు మరో రెండు వానాకాలాలు బతికాడు. క్యాంపులో తిన్న దెబ్బలతో ఒళ్ళు మళ్ళీ కూడుకోలేదు. చివర్లో మా ఇంటికే తెచ్చుకున్నాం. చర్చి అయ్యగారు వచ్చి మంచం పక్కన కూర్చొని, దేవుని ముందు చెప్పుకోవలసింది ఏమైనా ఉందా అని అడిగారు. నేను నీళ్ళ చెంబు పట్టుకొని తలుపు దగ్గర ఉన్నాను.

"పిట్టలను తోలిన అయ్యగారూ," అన్నాడు బాపు. మాట మాటకూ ఆయాసపడుతున్నాడు. "ఆఖరుది పిల్లతల్లి. దాన్ని గూడ తోలిన. మా రూతమ్మది తప్పు లేదు. పిల్ల ఉన్నదని ఆమెకు తెల్వదు. తెలిస్తె నా పానం పోయినా చెప్పకపోతుండె. నా బిడ్డ అసుంటిది కాదు."

అయ్యగారు నా వైపు తిరిగి చూశారు. నేను లోపలికి పోయి, బాపు తల ఎత్తి, చెంబు నోటికి ఆనించాను. రెండు గుటకలు తాగాడు. ఆ తర్వాత ఇంకా మూడు రోజులు బతికాడు. మూడు రోజులూ తెలివిలోనే ఉన్నాడు.